మొరంగడ్డ మీద చప్పుడు

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైన రోజుల్లో, కామారెడ్డి స్టేషను వెనుక ఉన్న రేకుల షెడ్డు ముందుకు బొగ్గుతో నడిచే లారీలు వచ్చి ఆగేవి. వీపున పొయ్యిని మోసుకుంటూ, దగ్గుతూ, దారంతా బూడిద రాల్చుకుంటూ వచ్చేవి. డ్రైవర్లు దిగి, "స్వామిదాసన్నా, ఇంజను కొట్టుకుంటున్నదే, జెర చూడు" అనేవాళ్ళు.

స్వామిదాసు లేచి వచ్చేవాడు. వెంటనే పానా పట్టేవాడు కాదు, మూత ఎత్తేవాడు కాదు. ముందు కుడి అరచేతిని తన రొమ్ము మీద ఆనించుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అట్లాగే నిలబడేవాడు. ఆ తరువాతే ఇంజను వైపు తల వంచేవాడు.

"కిరస్తానపాయన గద, దండం పెట్టుకుంటున్నడు" అని డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. పిట్లం నుంచి జొన్నలు తెచ్చే ఒక డ్రైవరైతే ముఖం మీదే అడిగాడు. "అన్నా, ఏసుప్రభువు బేరింగులు గూడ చూస్తడా?"

స్వామిదాసు నవ్వలేదు. కోపపడనూ లేదు. ఆయన పెట్టుకునేది దండం కాదు. తన గుండె చప్పుడు ఎక్కడ ఆగుతుందో, ఇంజను చప్పుడు ఎక్కడ మొదలవుతుందో చూసుకునేవాడు, అంతే. ఒకప్పుడు ఆ రెండూ కలిసిపోయాయి. ఆ సంగతి తెలిసినది షెడ్డులో ఒక్క హన్మవ్వకే, ఆయన భార్యకు. షెడ్డు మూలన కొత్త నులకతో అల్లిన మంచం ఒకటి ఉండేది. దాని మీద ఎవరైనా పడుకోగా ఎవరూ చూడలేదు. పాత టైర్లు పెట్టుకోవటానికి అడిగినా హన్మవ్వ ఇచ్చేది కాదు.

* * *

స్వామిదాసు పుట్టింది ఎల్లారెడ్డి దారిలో, మొరంగడ్డ మీద ఉన్న ఊరి వాడలో. కామారెడ్డి నుంచి వచ్చే దారి తాడ్వాయి దాటాక చాలా దూరం చేల మధ్య తీరుబడిగా సాగి, ఆ ఊరి ముందు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎర్రటి మొరం నేల. వానాకాలంలో గడ్డ మీది నుంచి నీళ్ళు దిగుతుంటే కొండకు గాయమైనట్టు ఉండేది. పైన దొర గడీ. గడీకి అవతల, గాలి అటునుంచి ఇటు రాని వైపున, వాడ.

తండ్రి దేవయ్య డప్పు కొట్టేవాడు. గడ్డి మంట వేసి డప్పును దానికి చూపిస్తూ, తోలు కాగుతుంటే వేలితో మెల్లగా తట్టి వినేవాడు. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

"ఇను బిడ్డా. తోలు మరీ బిగిసిందనుకో, పైన పలుకుతది. గాజు మీద గోరు తగిలినట్టు. అది నెత్తిల ఇనబడుతది. గుండ్రం చెక్క లోపల వదులైందనుకో, కింద పలుకుతది. అది చెవులకు రాదు. కడుపుల పడుతది. పైది మంటకు దూరం జరిపితే పోతది. కిందిది పోదు. చెక్క ఇప్పాల్సిందే."

స్వామిదాసుకు మీసాలు రాకముందే వాడంతా బాప్తిస్మం పుచ్చుకుంది. డప్పు విడిచిపెట్టాలన్నారు. దేవయ్య వాదించలేదు. డప్పును దూలానికి తగిలించి, దాని మీద పాత గొంగడి కప్పాడు. ఆ ఇంట్లో అప్పటి నుంచి ఒక మౌనం వేలాడుతూ ఉండేది. గాలి గట్టిగా వీచిన రోజున గొంగడి కింద తోలు తనంతట తానే సన్నగా మూలిగేది.

కొడుకు పాదిరి మోటరు తుడిచే పనికి కుదిరి, ఆ మోటరుతోనే సికింద్రాబాదు చేరి, అక్కడొక కార్ఖానాలో ఇంజన్ల పని నేర్చుకున్నాడు. మరలు విప్పే పొడుగాటి పేచ్‌కస్ మొనను ఇంజనుకు ఆనించి, దాని చెక్క పిడిని చెవికి ఆనించి వినటం అక్కడే తెలిసింది. తండ్రి చెప్పిన రెండు చప్పుళ్ళూ ఇంజనులో కూడా ఉన్నాయని తెలిసిన రోజున ఒంటరిగా నవ్వుకున్నాడు. నిప్పురవ్వ రావలసిన దానికన్నా ముందే వచ్చిందా, పెట్రోలు సమయం కాకుండానే పేలి పైన గాజులా గలగలమంటుంది. స్టీరింగు కింద ఉండే చిన్న ఇత్తడి పిడిని వెనక్కి జరిపితే ఆ గలగల పోతుంది. కానీ లోపల పిస్టనును తిప్పే రాడ్డు కింద తెల్ల లోహపు బేరింగు అరిగిందా, దబ్ దబ్ మని లోతుగా కొట్టుకుంటుంది. దానికి పిడి లేదు. ఇంజను విప్పాల్సిందే. విప్పకుండా నడిపితే ఏదో ఒక బరువు మీద రాడ్డు విరిగి ఇంజను పొట్ట చీల్చుకుని బయటికి వస్తుంది.

కామారెడ్డిలో షెడ్డు వేసుకున్నాక స్వామిదాసుకు ఒకటే కోరిక మిగిలింది. తండ్రిని తెచ్చుకోవాలి. దేవయ్య ఇంకా గడీకి వెట్టి చేస్తున్నాడు. దొర గుర్రం ముందు పరుగెత్తిన కాళ్ళు ఇప్పుడు మూటలు మోస్తున్నాయి. గడీ బావుల మోటలకు తోలు కుట్టేదీ, వచ్చిన అధికారుల సామాను పక్క ఊరిదాకా చేర్చేదీ ఆయనే. దగ్గు వస్తే గోడ పట్టుకుని నిలబడి, దగ్గు పోయాక మళ్ళీ మూట ఎత్తుకునేవాడు.

"తోల్కరాక ఏం జూస్తున్నవయ్యా?" అని హన్మవ్వ పోరేది. "గీ మూలకు మంచం అల్లిన. మామ వచ్చి పండుకుంటడా, నువ్వు పండుకుంటవా?"

"చెప్పకుంట వస్తే ఆ వంతు పక్కింటోళ్ళ మీద పడుతదంటడు. దొర నోటి నుంచి రావాలెనట."

"దొర నోట్లె ఏమున్నదో మనకు ఎరుకలేదా?" అని ఆమె కూర తాళింపు వైపు తిరిగేది.

* * *

యుద్ధం రాకముందు, ఒక ఎండాకాలం చివర గడీ నుంచి పిలుపు వచ్చింది. స్వామిదాసు వెళ్ళేసరికి దొర వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎదురుగా నల్లటి అమెరికా మోటరు మెరుస్తోంది. ఇత్తడి కడ్డీలు, ఎర్ర తోలు సీట్లు. దాని పక్కన డ్రైవరు రాజలింగు, తెల్ల టోపీతో. గోడ దగ్గర, నెత్తి మీద పచ్చి తోళ్ళ మోపుతో దేవయ్య నిలబడి ఉన్నాడు. మోపు దించమని ఎవరూ అనలేదు కనుక దించలేదు.

"దేవిగాని కొడుకువేనారా?"

"అవును దొరా."

"బస్తీల పని నేర్చినవట. గీ మోటరు గడ్డ ఎక్కుతుంటె కొట్టుకుంటది. రాజలింగేమో పెట్రోలు దోషమంటున్నడు. ఎల్లుండి హైదరాబాదు నుంచి సాబు వస్తుండు. కామారెడ్డి టేసనుకు పోయి తోల్కరావాలె. మోటరు ఇప్పాల్నా, ఇప్పకుంట నడుస్తదా? ఒక్క మాట చెప్పు."

స్వామిదాసు తండ్రి వైపు చూశాడు. మోపు కింద ఆ మెడ నరాలు వానకు తడిసిన తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. దొర ఆ చూపు పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన మంచి ఉల్లాసంగా ఉన్నాడు.

"ఏం గావాలెరా నీకు? చెప్పు."

"మా బాపును వెట్టి నుంచి విడువుండ్లి దొరా. నా ఎంట తీస్కపోత. ఆయన వంతు ఎవ్వల మీద పడకుంట జూడుండ్లి."

"గంతేనా?" దొర నవ్వాడు. "ముసలోడు దగ్గుకుంట నా వాకిలంత పాడుజేస్తుండు. సరే. సాబు నా మోటరుల వచ్చి నా గడీల దిగాలె. ఆ పొద్దే మీ అయ్యను తోల్కపో."

మోపు కింద దేవయ్య కాళ్ళు కొద్దిగా కదిలాయి. అంతే.

రాజలింగు ఇంజను స్టార్టు చేశాడు. నిలబడిన మోటరు పిల్లి గురక పెట్టినట్టు నడిచింది. స్వామిదాసు పేచ్‌కస్ ఆనించి విన్నాడు. ఒక్కొక్క ప్లగ్గునూ ఆపి చూశాడు. ఏమీ లేదు. నూనె దించి వేళ్ళ మధ్య రుద్దాడు. బేరింగు అరిగితే నూనెలో వెండి పొడిలా తళతళ కనపడుతుంది. కానీ నూనె చిక్కగా, తేనెలా, కొత్తగా ఉంది.

"నూనె ఎప్పుడు మార్చినవన్నా?"

"నిన్ననే" అన్నాడు రాజలింగు, చూపు ఎటో పెట్టి. "మార్చద్దా?"

కొత్త నూనె ఏ కథా చెప్పదు. స్వామిదాసు చేతులు తుడుచుకుని దొర వైపు తిరిగాడు.

"దొరా, నిలవడ్డ మోటరు ఏం చెప్పది. బరువు మీద ఇనాలె. రాజలింగన్న పక్కన నన్ను కూసోనియ్యుండ్లి. మొరంగడ్డ ఒక్కసారి ఎక్కితె చాలు."

దొరకు కోపం రాలేదు. కోపం రావటానికైనా ఆ మాట కొంత దగ్గరకు రావాలి. ఆయన నిజంగానే అర్థం కానట్టు అడిగాడు.

"యాడ కూసుంటవురా?"

"డ్రైవరు పక్కన దొరా."

"నేను కూసునే మోటరుల?"

రాజలింగు టోపీ సరిచేసుకుంటూ నవ్వు దాచుకున్నాడు.

"అయితె లోపల వద్దు దొరా. బయట, తలుపు కింది పలక మీద నిలవడ్త."

"నిలవడి కడ్డి పట్టుకోవా? ఆ కడ్డి నేను పట్టుకునేది గాదా?"

సికింద్రాబాదు వెళ్ళినప్పటి నుంచి స్వామిదాసు నోట రాని మాట ఒకటి ఉంది. వాడలో అందరూ అనేది, తాను అననని పట్టుబట్టినది. ఆ రోజు అన్నాడు.

"నీ బాంచెన్ దొరా. ఒక్కసారి."

గోడ దగ్గర దేవయ్య కళ్ళు దించుకున్నాడు.

"మోటరు ఎంబడి ఉరుకు" అన్నాడు దొర లేస్తూ. "మీ అయ్య నా గుర్రం ముందట ఉరికెటోడు. వానికి ఎన్నడు దమ్ము రాలే."

* * *

గడ్డ కింద రాజలింగు మోటరు తిప్పి నిలిపాడు. ఎండ మొరం మీద పడి ఎర్రగా లేస్తోంది. గడ్డ అంచున నిలబడి వింటే ఎట్లా ఉంటుందని స్వామిదాసు ఆలోచించాడు. దారిన పోయేవాడి మాట ఒకటి చెవిన పడినట్టు, మోటరు దాటిపోయే క్షణంలో ఒక ముక్క చప్పుడే దొరుకుతుంది. చప్పుడు పుట్టటం వినాలి, పెరగటం వినాలి. పరుగెత్తక తప్పదు.

"జెర మెల్లగ తోలే అన్నా."

"మెల్లగ తోల్తె గడ్డ ఎక్కుతదా? నువ్వే జెర జల్దిగ ఉరుకు."

మోటరు కదిలింది. స్వామిదాసు దాని మూతకు చెవి ఆనించినంత దగ్గరగా, కానీ తగలకుండా పరుగెత్తాడు. తగలకుండా ఉండటం మీదే సగం మనసు పోయింది. మొదట గాలి చప్పుడు, తరువాత మొరం చిట్లే చప్పుడు. గడ్డ నిటారవుతున్నకొద్దీ ఇంజను మీద బరువు పడింది. అప్పుడు వినపడింది. పైన, నెత్తిలో, గాజు మీద గోరు. గలగల, గలగల. ఎవరో గాజుల చేతితో పిలుస్తున్నట్టు. నిప్పు తొందరపడుతోంది. రాజలింగు ఇత్తడి పిడిని ముందుకు తోసి అట్లాగే వదిలేశాడు, మోటరు వేగంగా పోతుందని.

దాని కింద ఇంకొకటి ఉంది. లోతుగా, తడిగా, నేల కింది నుంచి వస్తున్నట్టు. దబ్. దబ్. దబ్. అది చెవులకు రాలేదు. కడుపులో పడింది.

కానీ అప్పటికి స్వామిదాసు నోరు తెరుచుకుని ఉంది. ఊపిరి కాలిన ఇసుకలా లోపలికి పోతోంది. చెవుల వెనుక నరాలు కొట్టుకుంటున్నాయి, కణతల మీద, గొంతులో, కడుపులో. పైకి చేరి మోటరు ఆగింది. దానితోపాటు ఆయనా ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. నిలబడిన మోటరు మళ్ళీ పిల్లిలా గురకపెట్టింది. కడుపులో మాత్రం ఆ దబ్ దబ్ ఆగలేదు. చేయి రొమ్ము మీద పెట్టుకున్నాడు. అరచేతి కింద అదే దబ్, అదే దబ్. తన గుండే.

ఇత్తడి పిడిని వెనక్కి జరిపించాడు. "ఇంకోపారి ఎక్కుదమన్నా."

"పెట్రోలు మీ అయ్య పోస్తడా?" అంటూనే రాజలింగు మోటరు కిందికి దించాడు.

రెండోసారి పైన గాజు పలకలేదు. ఎండలో గడ్డంతా నిశ్శబ్దంగా, పరుచుకున్న ఎర్ర గుడ్డలా ఉంది. కింద ఆ దెబ్బ ఒక్కటే ఉంది. అది తనదని ఇప్పుడు తెలుసు. తనదాన్ని తీసేసి మిగిలినది విన్నాడు. ఏమీ మిగల్లేదు.

గడీకి వచ్చి చెప్పాడు. "ఇప్పే పని లేదు దొరా. నడుస్తది."

పొద్దు గుంకే వేళ వాడలో దేవయ్య పొయ్యి ముందు కూర్చుని కొడుకుకు సంకటి పెట్టాడు. చేయి కడుక్కున్నాక అడిగాడు.

"కడుపుల ఏమన్న పడ్డదా బిడ్డా?"

"పడ్డది. ఉరికితె పడదా బాపూ? నా గుండెనే."

ముసలాయన గొంగడి కప్పిన డప్పు వైపు చూస్తూ చాలాసేపు వేళ్ళను మోకాలి మీద ఆడించాడు.

"మోటరు దరువుకు నీ గుండె కలిసి కొట్టుకున్నదా, యేరేగ కొట్టుకున్నదా?"

పరుగెత్తే మనిషి గుండె ఎప్పుడూ మోటరుతో కలిసి కొట్టుకోదు; దెబ్బ మోటరుతో కలిసిందంటే అది మోటరుదే. అది స్వామిదాసుకు తెలుసు. కలిసిందో లేదో ఆ క్షణంలో వెతకలేదు. ఎందుకు వెతకలేదో కూడా తెలుసు. ఇంజను విప్పాలంటే ఎల్లుండి మోటరు నడవదు. మోటరు నడవకపోతే ఈ మనిషి మళ్ళీ మోపు ఎత్తుకుంటాడు. లేచి వెళ్ళి గడీ తలుపు తట్టవచ్చు. తట్టి, "దొరా, నాకు సరిగ ఇనరాలే" అనవచ్చు.

"యాదికి లేదు బాపూ" అన్నాడు. "మూట గట్టుకో. ఎల్లుండి పోతున్నం."

* * *

అనుకున్న రోజు ఉదయం, దొరను ఎక్కించుకుని మోటరు గడ్డ దిగి కామారెడ్డి వైపు చప్పుడు లేకుండా వెళ్ళింది. దిగుడులో బరువు ఉండదు. దేవయ్య డప్పును దూలం మీది నుంచి దించి, దుమ్ము తుడిచి, గొంగడిలోనే చుట్టి మూటలో పెట్టాడు. "కామారెడ్డిల వాయించనియ్యరు గని, ఉండనీ" అన్నాడు. వాడవాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఒక ముసలామె, రాములవ్వ, "పోతె మళ్ళ యాదికొస్తమా దేవన్నా?" అంటే, "నీ నోరు యాదికిరాకుంట ఉంటదా?" అన్నాడు. చాలా రోజులకు ఆయన నవ్వటం కొడుకు చూశాడు. మధ్యాహ్నం దాకా ఆ ఇల్లు సుఖంగా ఉంది. ఆ సుఖం తలుపు దగ్గర పడిన ఎండ ముక్కలా మెల్లగా జరుగుతూ వచ్చింది.

తిరిగి వచ్చే మోటరు వాడకు చాలా దూరం నుంచే వినపడింది. గడ్డ కిందికి చేరింది. ఎక్కటం మొదలుపెట్టింది. స్వామిదాసు గుమ్మంలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. పరుగెత్తటం లేదు. గుండె నెమ్మదిగా ఉంది. గాజు లేదు. కానీ దబ్. దబ్. దబ్.

దేవయ్య మూట మీది నుంచి చేయి తీశాడు.

స్వామిదాసు లేచి, "ఆపుండ్లి! ఆపుండ్లి!" అని అరుస్తూ గడ్డ వైపు ఉరికాడు. ఆ చప్పుడు ఒకసారి తడబడింది, నడిచే మనిషి రాయి తట్టుకున్నట్టు. తరువాత ఇనుము విరిగిన చప్పుడు గడ్డంతా పాకి, పొలాల మీదుగా పోయి, ఎక్కడో ఆగింది.

రాడ్డు ఇంజను పొట్ట చీల్చుకుని బయటికి వచ్చింది. మూత ఎత్తబోయిన రాజలింగు చేతుల మీద మరిగే నూనె చిమ్మింది. అతడు దారి పక్కన కూర్చుని, రెండు చేతులూ గాలిలో పట్టుకుని ఏడుస్తున్నాడు. ఏడుపు మధ్య, "పోయిన నెల నూనె ఎండుకపోతె గూడ నడిపిన... చెప్పలే... దొర పనిలకెళ్ళి తీసేస్తడని చెప్పలే" అంటున్నాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు. పట్నం నుంచి వచ్చిన సాబు చేతి రుమాలుతో కోటు మీది నూనె మరకలు తుడుచుకుంటున్నాడు. గడ్డి మోసుకుని వస్తున్న ఎడ్లబండిని ఆపి, గడ్డి దింపించి, దొర ఆయన్ను దాని మీద కూర్చోబెట్టి, తానూ ఎక్కాడు.

దొర స్వామిదాసును కొట్టలేదు. కొట్టాలంటే ముట్టుకోవాలి.

"మీ అయ్య యాడికి పోడు" అన్నాడు. తరువాత, చప్పుడుకు ఉరికి వచ్చిన గడీ జవాను గంగారాం వైపు తిరిగాడు. "పొద్దు గుంకేలోపల మోటరు గడీకి రావాలె."

"ఎడ్లను గట్టల్నా దొరా?"

"ఎడ్లు దుక్కిల అలిసినయి. వాడను పిలువు."

వాడ వచ్చింది. దేవయ్య తాను పేనిన తోలు మోకులనే మోసుకుని వచ్చాడు. స్వామిదాసు ముందుకు వచ్చి ఆయన చేతిలోంచి మోకు లాక్కున్నాడు. "బాపును విడువుండ్లి. నేను గుంజుత."

"నువ్వు గుంజితె స్టీరింగు ఎవడు పట్టాలె? రాజలింగు చేతులు కాలినయి" అన్నాడు గంగారాం. ఊళ్ళో ఇంకెవరికీ స్టీరింగు పట్టటం రాదు. అతడు బండి మీద కూర్చున్న దొర వైపు చూశాడు.

దొర క్షణం ఆలోచించాడు. "ఎక్కియ్యుండ్లి. గోనెపట్ట ఏసి."

బండి కదిలి వెళ్ళిపోయింది.

గోనెపట్ట పరిచిన ఎర్ర తోలు సీటు మీద స్వామిదాసు కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. ఎదురుగా అద్దం. అద్దం అవతల మోకులు, మోకుల కింద వీపులు. అన్నిటికన్నా దగ్గరగా తండ్రి వీపు. గంగారాం కేక వేయగానే వీపులన్నీ ఒక్కసారి ముందుకు వంగాయి. మోటరు కదిలింది. చచ్చిన ఇంజను బరువంతా ఆ భుజాల మీదికి చేరింది.

ఆయన కోరుకున్న చోటు ఇదే. లోపల, గడ్డ ఎక్కుతుండగా, బరువు మీద. గాలి తగలటం లేదు. కాళ్ళు పరుగెత్తటం లేదు. అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. మొరం చిట్లుతోంది. మోకు బిగిసి సన్నగా పలుకుతోంది, గాజు మీద గోరులా. దాని కింద, తండ్రి రొమ్ములో, లోతుగా, తడిగా, చెక్క వదులైన డప్పులా ఒక దెబ్బ. అది చెవులకు రాలేదు. కడుపులో పడింది. ఇప్పుడు ఏది తనదో, ఏది తనది కాదో సందేహం లేదు. విప్పి చూడనక్కరలేదు. ఏ పిడిని జరిపినా పోయేది కాదది.

స్వామిదాసు బ్రేకు తొక్కాడు.

మోకులు ఒక్క గుంజుతో ఆగిపోయాయి. ముందున్నవాళ్ళు తూలిపడబోయారు. "ఏమాయెరా? చక్రం తట్టుకున్నదా?" అని గంగారాం కర్ర ఊపుతూ వచ్చాడు.

దేవయ్య మోకు భుజం మీది నుంచి తీయకుండానే వెనక్కి తిరిగాడు. కొడుకు కాలు ఎక్కడుందో ఆయనకు కనపడదు. అయినా తెలిసింది.

"తియ్యి బిడ్డా" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ. "నడిమిట్ల ఆపితె... మళ్ళ మొదలువెట్టుడు... కష్టమయితది."

అది నిజం. ఎక్కుడులో ఆగిన బరువును మళ్ళీ కదిలించటం ఎంత కష్టమో స్వామిదాసుకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. కాలు తీశాడు.

గడీ వాకిట్లో మోకులు విప్పారు. ఆ సీటు తోలును మరునాడు కోసి పారేశారు. దేవయ్య చలికాలం దాటలేదు. కానీ అవన్నీ తరువాతి సంగతులు. ఆ సాయంత్రం ఆయన మోటరు దగ్గరకు వచ్చి, తగలకుండా జాగ్రత్తగా నిలబడి, ఇంకా దిగని కొడుకును చూశాడు. భుజం మీద మోకు ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయింది. ముఖంలో మాత్రం నిందగానీ కోపంగానీ లేవు. చిన్నపిల్లవాడికి ఉండే ఆశ్చర్యం ఉంది.

"లోపల కూసుంటె ఎట్లున్నది బిడ్డా? మంచిగ ఇనబడుతదా?"

"ఏం ఇనబడలే బాపూ" అన్నాడు స్వామిదాసు.